తిండి మానేసిన పాము పిల్ల: ముందు చూడాల్సింది థర్మామీటరును

ప్రశ్న: నేను కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను. దసరా సెలవుల్లో బెంగళూరు వెళ్ళినప్పుడు బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువ పిల్లను కొని తెచ్చుకున్నాను. బొటనవేలంత లావు, మూరెడు పొడవు ఉంటుంది. వచ్చిన కొత్తలో తెల్ల ఎలుక పిల్లలను రెండుసార్లు తింది. ఇప్పుడు మూడు వారాలుగా ఏదీ ముట్టడం లేదు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేతిలోకి తీసుకుని ఎలుకను నోటి దగ్గర పెడుతున్నాను. తల తిప్పేసుకుంటోంది. పోయిన ఆదివారం బతికున్న ఎలుకను తొట్టెలో వదిలి పడుకున్నాను. తెల్లవారి చూస్తే పాము వీపు మీదే గాట్లు పడ్డాయి. అమ్మ పాలు పెట్టమంటోంది. స్నేహితుడేమో నోరు తెరిచి కోడి కార్జం ముక్కలు లోపలికి తోయమంటున్నాడు. ఏం చేయమంటారు? గాజు తొట్టె నా గదిలో కిటికీ పక్కన బల్ల మీద ఉంటుంది. ఈ మధ్య రాత్రులు చలిగానే ఉంటున్నాయి.
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: మీ స్నేహితుడి సలహాను ముందు పక్కన పెట్టండి. పాము నోటి అడుగున, ముందు భాగంలోనే, గాలి గొట్టం తెరుచుకుని ఉంటుంది. అలవాటు లేని చెయ్యి అక్కడ ముక్కను కుక్కితే పళ్ళు విరగవచ్చు, చిగుళ్ళు చిట్లవచ్చు, ఆ గాయం నుంచే నోరు కుళ్ళే జబ్బు మొదలుకావచ్చు. బలవంతాన తినిపించడం అనేది ఉంది, కాదనను. అది అన్ని దారులూ మూసుకుపోయాక పశువైద్యుడు చేసే పని. మీ పాము ఇంకా మొదటి దారిలో కూడా అడుగు పెట్టలేదు.

ఇక గాట్లు. వీటిని ఈ రోజే చూసుకోవాలి. గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి, పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని లేత టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపి పలుచన చేసి, దూదితో రోజుకొకసారి అద్దండి. పసుపు, కొబ్బరినూనె, పౌడర్లు వద్దు. తొట్టె అడుగున కొబ్బరి పొట్టు గానీ రంపపు పొట్టు గానీ ఉంటే గాయం మానేవరకు తీసేసి, తెల్ల కాగితం పరిచి రోజూ మార్చండి. చర్మం కింద మాంసం కనబడుతున్నా, వాపు, చీము ఉన్నా ఇంటి వైద్యం చాలదు, ఆ పూటే డాక్టరుకు చూపించాలి.

బతికున్న ఎలుకను ఇంకెప్పుడూ వదలకండి. పాము వేటాడే జంతువు కదా, అదే చూసుకుంటుందిలే అనుకుంటారు చాలామంది. ఆకలి లేని పాము ఎలుకను పట్టించుకోదు. చలికి మొద్దుబారిన పాము అసలే కదలదు. ఎలుక మాత్రం మెలకువగా ఉంటుంది, దానికి ఆకలి వేస్తుంది, గాజు గోడల మధ్య తినడానికి దొరికేది పాము ఒక్కటే. అడవిలో అయితే రెండింటిలో ఏదో ఒకటి అక్కడి నుంచి వెళ్ళిపోయేది. వెన్నెముక కనబడేదాకా ఎలుకలు కొరికేసిన పాములున్నాయి. మీది గాట్లతో బయటపడింది.

అసలు కారణం మీ ఉత్తరం చివర ఉంది: కిటికీ పక్కన బల్ల, చలి రాత్రులు. పాము ఒంట్లో వేడి దానంతట అది పుట్టదు. బయటి నుంచి తెచ్చుకోవాలి. బాల్ పైథాన్ పుట్టిల్లు ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలు, మధ్య ఆఫ్రికాలో కొంత. డిసెంబరులో కర్నూలు రాత్రులు 17, 18 డిగ్రీల దాకా దిగుతాయి. మనకు అది దుప్పటి కప్పుకుంటే సరిపోయే చలి. ఆ పిల్లకు మాత్రం కడుపు పనిచేయడం మానేసే చలి. ఆ స్థితిలో ఎలుకను మింగితే అది అరగదు, లోపలే కుళ్ళుతుంది, నాలుగు రోజుల తర్వాత కక్కేస్తుంది. తల తిప్పేసుకున్నప్పుడు మీ పాము మొండికేయలేదు, తెలివిగానే ప్రవర్తించింది.

కాబట్టి ఎలుకల గొడవ వారం రోజులు పక్కన పెట్టి, గూడు సరిచేయండి. తొట్టెను కిటికీ పక్క నుంచి లోపలి గోడ వైపు మార్చండి. ఒక కొసన 31 నుంచి 33 డిగ్రీలు, రెండో కొసన 25 నుంచి 27 ఉండాలి. ఎటు పడుకోవాలో పాము నిర్ణయించుకుంటుంది. తొట్టె అడుగున, బయటి వైపు, మూడో వంతు మేరకు హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచటి పరుపు) పెడితే చాలు. కానీ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ పెట్టకండి. అది అదుపు తప్పి వేడెక్కినా పాము దాని మీద నుంచి లేవదు, పొట్ట కాలుతుంది. తొట్టె లోపల బల్బు వేలాడదీయడం, వేడి రాళ్ళు పెట్టడం కూడా అంతే. వైరు కొసన సెన్సరు ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు కొని రెండు కొసల్లోనూ నేలకు ఆనేలా పెట్టండి. గాజుకు అతికించే గుండ్రటి డయల్ మీటరు చూడడానికి బాగుంటుంది, అంతకుమించి పనికిరాదు.

పాముల పెంపకం మీద దొరికే వీడియోల గురించి ఒక మాట. అవి ఎక్కువగా చలి దేశాల వాళ్ళు తీసినవి. ఏడాది పొడుగునా వేడి పెట్టమని చెబుతాయి. కర్నూలులో హీట్ మ్యాట్‌తో అవసరం ఈ రెండు మూడు నెలలే. మే నెలలో 42, 43 డిగ్రీలు పట్టేటప్పుడు మీ బాధ దీనికి తలకిందులు. గది 35 దాటి అలాగే ఉండిపోతే బాల్ పైథాన్‌కు ప్రాణం మీదికి వస్తుంది. మ్యాట్ తీసేసి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలోకి తొట్టెను మార్చాలి. ఎయిర్ కూలరు ఉన్న గది మంచిదే, గాలి నేరుగా తొట్టె మీదికి కొట్టకుండా చూసుకోండి. మిద్దె మీది రేకుల గదిలో మాత్రం పాము మాట అటుంచి ఏ ప్రాణినీ పెట్టకూడదు.

మన సీమ గాలి పొడి గాలి. తొట్టెలో తేమ 55, 60 శాతం ఉండాలి, లేకపోతే కుబుసం ఒక్క తొడుగులా ఊడక ముక్కలు ముక్కలుగా అంటుకుపోతుంది. పాము చుట్ట చుట్టుకుని మునిగేంత వెడల్పు నీళ్ళ గిన్నె, గాయం మానాక కాస్త తడి తగిలించిన కొబ్బరి పొట్టు, పై జాలీని సగం కప్పిన ప్లాస్టిక్ షీటు ఉంటే సరిపోతుంది. కళ్ళు పాలనీలంగా మారి చర్మం మసకబారితే కుబుసం విడిచే రోజులు వచ్చాయని అర్థం. అప్పుడు తిండి పెట్టకండి. ఆ రోజుల్లో చాలా పాములు తినవు, చూపు సరిగా ఆనక చిరాకుగా కూడా ఉంటాయి.

రెండో తప్పు చేతిలోకి తీసుకోవడం. పొద్దునా సాయంత్రం ఎత్తి, నోటి ముందు ఎలుకను ఊపుతుంటే ఆ పిల్లకు మీరు పెద్ద వేటజంతువులా కనిపిస్తారు. ప్రాణభయంలో ఉన్నది తినదు. వారం పాటు నీళ్ళు మార్చడానికీ, గాయానికి మందు అద్దడానికీ తప్ప తొట్టెలో చెయ్యి పెట్టకండి. దాక్కోవడానికి రెండు చోట్లు ఉండాలి, వెచ్చని కొసన ఒకటి, చల్లని కొసన ఒకటి. అవి ఇరుకుగా ఉండాలి, చుట్టుకున్న పాముకు పక్కలు తగిలేంత ఇరుకు. కొనక్కర్లేదు. చిన్న మట్టి పూలకుండీని బోర్లించి, అంచున పాము దూరేంత కంత చేసి, గరుకు లేకుండా ఉప్పుకాగితంతో రుద్దితే చాలు. తొట్టెకు మూడు వైపులా బయట నుంచి అట్ట అతికించండి.

ఇక్కడ మీ అమ్మగారి మాట తీసుకుందాం. ఆఫ్రికాలో ఈ జాతి పాములు పగలంతా ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ పడుకుంటాయి. కాబట్టి పాముకు పుట్టే ఇల్లు అని మన పెద్దవాళ్ళు చెప్పేది నిజమే. పాల విషయంలో అమ్మగారి మాట మాత్రం నిజం కాదు. పాము పాలు తాగే జంతువు కాదు. పాలను అరిగించుకునే కడుపు దానికి లేదు. నాగుల చవితికి పాములవాళ్ళు తెచ్చే పాము గిన్నెలో మూతి పెడుతుందంటే, రోజుల తరబడి నీళ్ళు లేక నాలుక ఎండిపోయి తాగుతుంది. తర్వాత అవి చాలావరకు జబ్బుపడతాయి. అమ్మగారికి ఇలా చెప్పండి: పాలు పుట్టకు పోసుకోవచ్చు, మన తొట్టెలో మాత్రం రోజూ మార్చిన మంచినీళ్ళు పోస్తే అంతే పుణ్యం. ఒప్పుకుంటారు. వంటింట్లో ఆవిడతో మీకు ఇంకా పెద్ద బేరం ఉంది, ఇప్పుడే గొడవపడకండి.

ఆ బేరం ఫ్రిజ్ గురించి. పాము పిల్లకు అన్నిటికంటే క్షేమమైన తిండి గడ్డకట్టించిన ఎలుక. పెంపుడు పాముల కోసం ప్రత్యేకంగా పెంచి, చంపి, గడ్డకట్టించినవి బెంగళూరు, హైదరాబాదుల్లో అమ్ముతారు. ఐసు పెట్టెలో తెచ్చుకుని ఫ్రీజరులో పెడితే నెలల తరబడి ఉంటాయి. ఇడ్లీ పిండి, కూరగాయలు ఉండే ఫ్రిజ్‌లో ఎలుకలంటే ఏ తల్లికైనా కోపం వస్తుంది, అది న్యాయమైన కోపం కూడా. గట్టి మూత ఉన్న డబ్బా విడిగా కొని, దాని మీద పేరు రాసి, లోపల ఒక్కో ఎలుకను ఒక్కో కవరులో పెట్టండి. దానికోసం వాడే గిన్నె, పట్టకారు వంటింటి సామానులో కలవకూడదు. ఎలుక పేగుల్లోనూ పాము మలంలోనూ సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. పాము ఏ ఇబ్బందీ లేకుండా మోస్తుంది, మనుషులకు విరేచనాలు, జ్వరం తెస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళ చేతికి పామును ఇవ్వకండి.

పరిమాణం ఎలా తేల్చాలి? మీ దగ్గర ఇప్పటికే ఉండాల్సిన పరికరం గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ కాటా. పామును మూత ఉన్న డబ్బాలో పెట్టి తూచి, డబ్బా బరువు తీసేయండి. ఎలుక బరువు పాము బరువులో పదో వంతు, మించితే ఏడో వంతు ఉండాలి. మీరు చెప్పిన కొలతలను బట్టి పిల్ల 80 గ్రాములు తూగుతుందనుకుంటే 8 నుంచి 12 గ్రాముల ఎలుక. బొచ్చు వచ్చి, కళ్ళు తెరిచి, గెంతడం మొదలుపెట్టిన వయసుది. కాటా లేకపోతే పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటును చూడండి, ఎలుక అంతకన్నా లావు కాకూడదు. ఈ వయసులో వారానికి ఒకటి చాలు.

పెట్టబోయే ముందు రోజు రాత్రి కవరుతోపాటు కింది అరలోకి మార్చండి. మర్నాడు సాయంత్రానికి గడ్డ విడుస్తుంది. వేళ్ళతో పొట్ట నొక్కి చూడండి, లోపల గట్టిగా తగిలితే ఇంకా మంచు ఉన్నట్టే. మైక్రోవేవ్ వద్దు: లోపల ఉడికి, పైన చల్లగా ఉండి, ఒక్కోసారి పగులుతుంది. అప్పుడు మైక్రోవేవ్‌ను తుడిచేది మీరే. కవరును చెయ్యి పట్టగలిగినంత వేడి నీళ్ళలో పది పదిహేను నిమిషాలు ఉంచి, తీసి, కాగితంతో తడి తుడిచి, తల భాగాన్ని మళ్ళీ కాస్త వెచ్చచేయండి. ఇది చాదస్తం కాదు. బాల్ పైథాన్ పెదవుల వెంట చిన్న గుంటలు వరుసగా కనిపిస్తాయి, గమనించారా? అవి వేడిని పసిగట్టే అవయవాలు. చీకట్లో ఎలుకను అది వేడితోనూ వాసనతోనూ గుర్తుపడుతుంది. చల్లటి ఎలుక దాని లెక్కలో ఎలుకే కాదు. మీరు చేతిలో పట్టుకుని చూపించినవి ఎంత వెచ్చగా ఉన్నాయో ఆలోచించుకోండి.

రాత్రి తొమ్మిది తర్వాత, గదిలో పెద్ద లైటు ఆపేసి, చేతి నుంచి జానెడు దూరమైనా ఉండే పొడవాటి పట్టకారుతో ఎలుకను వెనక నడుము దగ్గర పట్టుకుని, దాపు (పాము దాక్కునే చోటు) ముందు నేల మీద మెల్లగా కదపండి. ముఖానికి గుచ్చకండి. ముందు నాలుక బయటికి వస్తుంది, ఒక్కోసారి బయటే నిలిచి నిదానంగా పైకీ కిందికీ ఆడుతుంది. మెడ వెనక్కి వంపు తిరుగుతుంది. ఆ వంపు కనబడగానే మీ చెయ్యి కదపడం ఆపండి. కాటు కంటికి అందదు, చుట్టలు వేసుకున్నాకే తెలుస్తుంది. తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. ఎలుక ఎప్పుడో చచ్చిందని దానికి తెలియదు కదా, బిగించి పట్టుకుని ఆగుతుంది. అప్పుడు చుట్టలు వదులు చేసి, మూతితో వెతికి తల దొరకబుచ్చుకుని, ఒకసారి కుడి దవడ, ఒకసారి ఎడమ దవడ ముందుకు జరుపుతూ మింగుతుంది. అయిపోయాక రెండు మూడుసార్లు పెద్దగా ఆవలిస్తుంది, దవడలు సరిచేసుకోవడం అది. ఫోను లైటు వేసి వీడియో తీయాలనిపిస్తుంది. మొదటి నాలుగైదు సార్లు ఆ కోరిక అణుచుకోండి, భయపడితే మధ్యలో వదిలేస్తుంది.

తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు. కక్కేస్తే వెంటనే ఇంకొకటి పెట్టకండి. రెండు వారాలు ఆగి, వేడి ఎంతుందో మళ్ళీ చూసుకుని, సగం పరిమాణంలో పెట్టండి. ముట్టకపోతే ఎలుకను దాపు ముందు వదిలి మీరు బయటికి వెళ్ళిపోండి, తెల్లవారేలోగా తినవచ్చు. పొద్దునకు అలాగే ఉంటే పారేయాలి. మళ్ళీ గడ్డకట్టించకూడదు. తర్వాతి ప్రయత్నం మళ్ళీ వారానికే, మర్నాడు కాదు.

మీ చేతికి ఎలుక వాసన ఉండగా తొట్టెలో పెడితే మీ వేలే తిండి అనుకుంటుంది. విషం లేదు కాబట్టి భయం లేదు, కానీ పళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే మీకు చీరుకుంటుంది, దానికి పళ్ళు ఊడతాయి. కదలకుండా ఉంటే చాలావరకు అదే వదిలేస్తుంది. తర్వాత సబ్బు, నీళ్ళు.

కోడి కార్జం సంగతి చెప్పలేదు. ముక్కల్లో ఎముకలు, బొచ్చు, పేగులు ఉండవు. పాముకు కాల్షియం దొరికేది ఎముకల నుంచే. పూర్తి ఎలుకే పూర్తి భోజనం. కోడిగుడ్డు ఈ జాతి తినదు. గోడ మీది బల్లిని పట్టి పెట్టమనే వాళ్ళుంటారు, వాటితో పురుగులు వస్తాయి. అన్నిటికంటే ప్రమాదం గోదాము ఎలుక. వేరుశనగ గోదాముల్లో, బియ్యం కొట్లలో ఎలుకల మందు పెట్టని చోటు ఉండదు. మందు తిన్న ఎలుకను తింటే పాముకూ అదే గతి. కాలేజీ ప్రయోగశాల ఎలుకలూ వద్దు, వాటి మీద ఏ మందు ప్రయోగించారో మీకు తెలియదు.

ఉత్తరంలో మీరు అడగనిది ఒకటి ఉంది, దాన్ని దాటవేయలేను: కాగితాలు. మన దేశపు పాములను వేటినీ ఇంట్లో పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి, అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్న సైటిస్ జాబితాలోది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, 2024 నిబంధనల ప్రకారం ఇలాంటి జంతువు చేతికి వచ్చిన 30 రోజుల్లో కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి. మీరు దసరాకు కొన్నారు, గడువు దాటింది. అమ్మినవాడి దగ్గర రసీదు, వాడి నమోదు వివరాలు అడిగి తీసుకుని అటవీ శాఖ కార్యాలయానికి వెళ్ళండి. పనిలో పనిగా అక్కడివాళ్ళకు పాము ఫోటో చూపించి జాతి నిర్ధారించుకోండి. నల్లమలలో ఉండే మన కొండచిలువ పిల్లను విదేశీదని చెప్పి అంటగట్టే మోసం జరిగే అవకాశం లేకపోలేదు. తల మీద బాణం మొనలాంటి గుర్తు స్పష్టంగా కనబడితే అనుమానించండి. ఒకవేళ పెంచలేననిపిస్తే తుంగభద్ర ఒడ్డున వదిలేయడం పరిష్కారం కాదు, అది ఇంకో నేరం.

పెంచగలనా అన్నది కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. బాగా చూసుకుంటే ఇవి 20, 30 ఏళ్ళు బతుకుతాయి. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూకు 1961లో వచ్చిన ఒక బాల్ పైథాన్ 2020లో, అరవై దాటిన వయసులో గుడ్లు పెట్టింది. మీ డిగ్రీ, ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయ్యాక కూడా వారానికో ఎలుక కరగబెట్టే పని మిగిలే ఉంటుంది.

ఇంత దీర్ఘాయుష్షు ఉన్న ప్రాణికి మూడు వారాల ఉపవాసం విపత్తు కాదు. పెద్ద బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తినకుండా ఉంటాయి. పిల్లకు అంత నిల్వ ఉండదు కాబట్టి లెక్క కాటా చెప్పాలి. ఈ రోజు తూచి గోడ క్యాలెండరు మీద రాయండి. తర్వాత వారానికొకసారి, అదే రోజు. బరువు పదో వంతు తగ్గితే, లేదా గూడు సరిచేశాక కూడా ఇంకో మూడు నాలుగు వారాలు తినకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నోటి దగ్గర నురగ, బుడగలు, ఊపిరిలో గురక, నోరు తెరుచుకునే ఉండడం, వెన్నెముక పైకి తేలడం కనబడితే ఆ వారాలు కూడా ఆగకండి. పశువుల ఆస్పత్రిలో అందరికీ పాములతో అలవాటు ఉండదు. ముందు ఫోను చేసి అడిగి వెళ్ళండి. ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలల్లో గానీ హైదరాబాదులో గానీ చూసేవారు దొరకవచ్చు. గుడ్డ సంచిలో పెట్టి, ఆ సంచిని గాలి రంధ్రాలున్న డబ్బాలో ఉంచి తీసుకెళ్ళండి. చలి వేళ అయితే గోరువెచ్చని నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి.

గూడు సరిచేసిన వారం తర్వాత మొదటి ఎలుకను పెట్టి చూడండి. అప్పటికీ తినకపోతే మళ్ళీ రాయండి. ఆ ఉత్తరంలో రెండు కొసల ఉష్ణోగ్రతలు పగటివీ రాత్రివీ, పాము బరువు, ఎలుక బరువు, తొట్టె ఫోటో ఉంటే నేను ఊహించాల్సిన పని తప్పుతుంది.